వరహాలు తెచ్చిన రేకు

ఆ ఫిబ్రవరిలో గఫూర్‌కి రెండు కార్ల మధ్య నిలబడి టీ తాగడం అలవాటైంది. కుడివైపు గురునాథరావు గారి ఎర్ర కారు, ఎడమవైపు వరహాలు అంబాసిడర్. గ్లాసు ఖాళీ అయ్యేదాకా అతని ముఖం కుడివైపే ఉండేది.

పాత ఊళ్లో, కోట వీధి దిగువన, అతనిది రేకుల షెడ్డు. పాతికేళ్లకు పైగా టింకరింగ్ పని. సొట్టలు తియ్యడం, తుప్పు పట్టిన చోట కోసేసి కొత్త రేకు అతకడం. విశాఖపట్నంలో ఈ పనికి ఎప్పుడూ కరువు లేదు. సముద్రం గాలి ఊరికే పోదు, వెళ్తూ వెళ్తూ ఇనుమును కాస్త కొరికి మరీ పోతుంది. పైన రంగు నిగనిగలాడే బండి కింద దూరి చూస్తే జల్లెడలా ఉంటుంది. కొందరు టింకర్లు ఆ చిల్లుల మీద పుట్టీ ముద్ద మెత్తి, నున్నగా రుద్ది, రంగు కొట్టి పంపేస్తారు. గఫూర్ పంపడు. అతనికున్న పేరల్లా అదే. ఎముక విరిగితే పౌడరు రాస్తామా అని అడిగేవాడు ఎదుటివాళ్లని, కాస్త గొప్పగానే.

ఎర్ర కారు అరవైలలో ఎవరో కంపెనీ దొర ఓడలో తెప్పించుకున్నది. దొర దేశానికి పోతూ దాన్ని గురునాథరావు గారి తండ్రికి అమ్మేశాడు. వాళ్లది హార్బర్లో ఓడల సరుకు ఎత్తించి దింపించే వ్యాపారం. కారు చేసిన కంపెనీ పేరు గఫూర్‌కి నోరు తిరగదు కాబట్టి ఎర్ర కారు అనే అనేవాడు. రెండే సీట్లు. టాపు గుడ్డది, మడిచి వెనక్కి తోసెయ్యాలి. కూర్చుంటే కాళ్లు బార్లా చాపుకోవాలి. డిక్కీలో ఒక చేతిసంచి పడితే గొప్ప. ఎంత కిందుగా ఉంటుందంటే, పక్కన మేక నిలబడితే డ్రైవరు తలెత్తి దాన్ని చూడాలి. అయినా ఆ ముందు చక్రాల మీద రేకు ఒంపు చూస్తే గఫూర్ చేతిలో పని వదిలేసేవాడు. వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వినేవాడు.

అంబాసిడర్‌కి అలాంటి షోకులేం లేవు. ఏదో ఆఫీసు వేలంలో వరహాలు దాన్ని పాడుకున్నాడు. అతనిది పెదజాలరిపేట. తెల్లవారకుండా వేటకి పోయి వచ్చాక, అతనే డ్రైవరు. వెనక నలుగురు, ముందు ముగ్గురు, ఇరుక్కుంటే ఒళ్లో ఇద్దరు పిల్లలు. పైన కేరేజీ మీద వలలు, కాళ్ల దగ్గర చేపల తొట్లు. పేటలో పెళ్లికి అదే, పురుటికి అదే, ఆసుపత్రికీ అదే. తలుపు వేస్తే బీరువా మూసినంత చప్పుడు. తొట్లలోంచి కారిన ఉప్పునీళ్లు రోజూ తాగి తాగి వెనక సీటు ముందు నేల మొత్తం పుచ్చిపోయింది. తన జీవితమంతా ఇలాంటి ముసలి బళ్ల మీదే బతికినవాడు గఫూర్, ఆ నెల మాత్రం దాన్ని చూసి, ఇదీ ఒక కారేనా అనుకున్నాడు. అనుకున్నాడనే చెప్పాలి.

నేలకి వెయ్యాల్సిన రేకు వరహాలే తెచ్చాడు. హార్బర్లో పాత ఓడ సామాన్లు అమ్మినప్పుడు చూసి పట్టుకున్నాడట. మందంగా, మచ్చ లేకుండా ఉంది. దాన్ని పాత వలలో చుట్టి, పసిబిడ్డని దించినట్టు కేరేజీ మీద నుంచి దించాడు.

"బాయ్, ఇది ఉప్పుకి తట్టుకుంటాది. ఒకే ముక్కగా ఎయ్యి. మా ఆడోల్లు కాల్లెట్టుకునేది దీని మీదే," అన్నాడు.

"నాకు సెప్పాలేటి బావ," అన్నాడు గఫూర్. ఆ రేకుని వేలితో కొట్టి చూశాడు. గంట మోగినట్టు మోగింది.

గురునాథరావు గారికి తొందర ఉంది. బీచ్ రోడ్డులో ఆదివారం పాత కార్ల ఊరేగింపు. పై పనంతా అయిపోయింది, అద్దంలో చూసుకోవచ్చు. బుధవారం నాడు సీట్లు బిగించే ముందు గఫూర్ లోపలి చాప లాగితే, కింద నేల పెచ్చులు పెచ్చులుగా ఊడి చేతికొచ్చింది. దీనికి సరిపడే రేకు మద్రాసు నుంచి వస్తుందని గురునాథరావు గారు ఫోనులో చెప్పారు. గురువారం మధ్యాహ్నం దాకా రాలేదు. గఫూర్ ఊళ్లో రెండు దుకాణాలు తిరిగాడు. దొరికినవి పల్చటివి, వంపు తిప్పితే చిట్లేవి. తిరిగొచ్చి షెడ్డులో కూర్చుంటే, గోడకి ఆనించిన వల మూట ఎదురుగా కనిపించింది.

వచ్చే వారం వరహాలుకి ఇంకో రేకు తెస్తాను, అనుకున్నాడు. అంబాసిడర్‌కి ఏం తొందర, అనుకున్నాడు. ఇవన్నీ కత్తెర చేతిలోకి తీసుకున్నాక అనుకున్న మాటలు. ఒకసారి కోసి ఎర్ర కారుకి వేశాక ఆ పని ఎంత బాగా వచ్చిందంటే, సాయంత్రం దాకా తను కోసింది ఎవరి రేకో గఫూర్‌కి గుర్తు రాలేదు.

దీపాలు పెట్టే వేళకి వరహాలు వచ్చాడు, ఒళ్లంతా ఉప్పు చారలతో, నేరుగా పడవ దిగి.

"బాయ్, శనారానికి బండి కావాల. ఆదివారం సేపలకి ఎల్లకపోతే మా ఇంటిది నన్ను ఇంట్లోకి రానీదు. అయిపోద్దా?"

రేకు వాడేశాను బావ, పది రోజులు ఆగు. అంతే చెప్పాల్సింది. వరహాలు కొంచెం గొణిగి ఊరుకునేవాడు. కానీ ఎందుకు వాడావు, ఎవరికి వాడావు అని అడుగుతాడు. ఎర్ర కారు అక్కడే నవ్వుతూ నిలబడి ఉంది.

"అయిపోద్ది బావ," అన్నాడు గఫూర్.

శుక్రవారం సాయంత్రం, షెడ్డు తలుపు దగ్గరికి వేసుకుని, పాతికేళ్లలో ఎన్నడూ చెయ్యని పని చేశాడు. ఇంటి వెనక పడి ఉన్న నూనె డబ్బాలు కోసి, సాపు చేసి, ముక్క పక్కన ముక్క పెట్టి అక్కడక్కడా వెల్డింగు టాకాలు వేశాడు. సందుల్లో పుట్టీ కూరాడు. దాని మీద వేడి తారు రెండు పూతలు దట్టంగా పోశాడు. ఆరాక చూస్తే నల్లగా, నున్నగా, పరమ గట్టి పనిలా ఉంది. అతని పెద్ద పనులు కూడా అంత అందంగా ఉండేవి కావు.

శనివారం వరహాలు వచ్చి తొంగి చూసి మురిసిపోయాడు. "పెల్లికూతురి నడినెత్తిలాగ నిగనిగలాడతంది బాయ్."

"రెండ్రోజులు తడి తగలనీకు బావ. తారు ఆరాల," అన్నాడు గఫూర్.

తారుకి తడి తగలకూడదన్నది నిజమే. కానీ రేపేదైనా అయితే చెప్పుకోవడానికి ఉంటుందనే ఆ మాట అన్నాడు. అంటున్నప్పుడు ఆ సంగతి అతనికి తెలుసు, తెలియనట్టు ఉన్నాడు.

ఆదివారం బీచ్ రోడ్డంతా తిరనాళ్లలా ఉంది. ఎర్ర కారు వచ్చేసరికి జనం రెండుగా చీలారు. గురునాథరావు గారు మంచి మనిషి, తన గొప్ప తనే ఉంచుకోలేదు. గుంపులో వెనక నిలబడ్డ గఫూర్‌ని పేరు పెట్టి పిలిచి, భుజం మీద చెయ్యి వేసి, ఇదంతా ఇతని చేతి పనే అని అందరికీ చూపించారు. తెల్ల ప్యాంటు వేసుకున్న ఒక పెద్దాయన వంగి, చాప ఎత్తి, నేల మీద పిడికిలితో కొట్టి, "రేకు ఎక్కడ పట్టారండీ, ఇలాంటిది ఇప్పుడు దొరకడం లేదు," అన్నాడు. గఫూర్ నవ్వి ఊరుకున్నాడు. ఎవరో ఫోటో తీశారు. ఆ పొద్దున అతనంత సంతోషంగా ఉన్న మనిషి ఊళ్లో లేడు. ఈ కథలో అన్నిటికన్నా చెప్పడానికి కష్టమైన సంగతి అదే. అతను నిజంగా సంతోషించాడు.

మంగళవారం వరహాలు ఆటోలో వచ్చాడు. చేతిలో ఆకులో చుట్టిన కోనాం చేప, ముఖంలో నెత్తురు చుక్క లేదు. గుమ్మం లోపలికి రాకుండా బయటే నిలబడ్డాడు.

"బాయ్, నాను పెద్ద తప్పు సేసీసినాను. నువ్వు తడి తగలనీకన్నావు. ఆదివారం బేరం పోతాదనీసి తొట్లు ఎట్టీసినాను. కంచరపాలెం కాడ గోతిలో బండి కుదిపింది. నేల ఊడిపోనాది. మా ఇంటిది నూకాలు కాలు కిందికి దిగిపోయి, బండి ఆగీదాకా రోడ్డుకి రాసుకుపోనాది. పద్దెనిమిది కుట్లు."

గఫూర్ చేతిలో సుత్తి ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నాడు.

"ఆసుపత్రిలో అందరూ ఎవడు సేసినాడీ పని అనడిగితే, సేసినోడి తప్పు కాదు, నాదే అనీసి సెప్పినాను. నీ పేరు పాడవ్వనీలేదు బాయ్. నువ్వు నన్ను తిట్టు. ఒక్క మాటయినా తిట్టు," అన్నాడు వరహాలు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇప్పుడు చెప్పొచ్చు. ఇంతకన్నా తేలిగ్గా చెప్పే అవకాశం మళ్లీ రాదు. గఫూర్ నోరు తెరిచాడు.

"పర్లేదు బావ. జరిగిందేదో జరిగిపోనాది," అన్నాడు.

వరహాలు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. చేప గుమ్మం దగ్గర పెట్టి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. తప్పు చేసినవాడు తప్పు లేనివాణ్ని క్షమించి పంపించాడు. ఆ సంగతి గఫూర్‌కి బుర్రలోకి ఎక్కేసరికి ఆటో మలుపు తిరిగిపోయింది. తను అంతకుముందు పుట్టీ మాత్రమే పూశాడు. ఇప్పుడు పూసింది ఏమిటో అతనికే తెలియలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

ఆ చేపను అతని భార్య మదీనా బీ పులుసు పెట్టింది. గఫూర్ ముద్ద కలిపి, కడుపులో బాగోలేదని లేచిపోయాడు. నూకాలు ఇన్నేళ్లుగా వాళ్లింటికి చేపలు తెచ్చే మనిషి, మదీనా బీకి ఆమె అంటే ప్రాణం. మర్నాడే పెదజాలరిపేట వెళ్లి చూసొచ్చింది. వచ్చి, చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ అక్కడి సంగతులన్నీ చెప్పింది. నూకాలు కాలు కదపలేకుండా ఉందట. మొగుడితో మాటలు మానేసిందట. గఫూరన్న అంత చక్కగా చేసిస్తే రెండు రోజులు ఆగలేకపోయావు, కూటికి కక్కుర్తి పడి నా కాలూ తీశావు, ఆయన పేరూ తీశావు అని ఒక్కటే సాధింపట. వరహాలు తల్లి పోతమ్మ కూడా కోడలి వైపేనట. వరహాలు వేటకి పోవడం మానేసి, వాకిట్లో ఆ బండి పక్కన కూర్చుని ఉంటున్నాడట.

"పాపం, ఎంత మంచివాడో. తప్పు ఒప్పుకునేవాళ్లు ఈ రోజుల్లో ఎవరున్నారు," అంది మదీనా బీ. గఫూర్ గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

రెండు రోజులు ఆగాడు. శుక్రవారం నమాజుకి వెళ్లి, వరసలో నిలబడ్డాడు గానీ, ఎవరి ముందు ఏమని తల వంచాలో తెలియక మధ్యలో తడబడ్డాడు. మసీదు నుంచి ఇంటికి పోలేదు. షెడ్డుకెళ్లి ఉలి, సుత్తి సంచిలో వేసుకుని పెదజాలరిపేట బస్సెక్కాడు.

అంబాసిడర్ ఇంటి ముందు ఇసుకలో ఒక పక్కకి ఒరిగి ఉంది. పోతమ్మ వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నూకాలు అరుగు మీద కాలు తలగడ మీద పెట్టుకుని కూర్చుంది. మోకాలి కింద నుంచి మడమ దాకా కట్టు. వరహాలు లేచి వచ్చి గఫూర్ చేతిలో సంచి అందుకోబోయాడు.

గఫూర్ ఇవ్వలేదు. "నీ తప్పేటీ లేదు బావ. తడి వల్ల కాదు. నీ రేకు నాను ఎయ్యలేదు. డబ్బా ముక్కలు అతికినాను," అన్నాడు. బస్సులో అంతసేపూ పేర్చుకున్న మాటల్లో ఈ నాలుగే మిగిలాయి.

వరహాలు కాసేపు అతన్ని చూశాడు. తర్వాత పెళ్లాం వైపు తిరిగి, "సూసినావేటి. నువ్వు నన్ను తిడతన్నావనీసి మదీనమ్మ సెప్పుంటాది. నా మీదది తన మీదేసుకోడానికి వొచ్చినాడు," అన్నాడు.

"అన్నా, మొగుడూ పెల్లాల గొడవ మాది. నువ్వు అబద్దాలాడకు," అంది నూకాలు.

"ఏ జల్మలో పున్నెమో, ఇలాటి మనిషి దొరికినాడు," అని పోతమ్మ అతనికి కూర్చోడానికి పీట తెచ్చి వేసింది.

గఫూర్ పీట మీద కూర్చోలేదు. చెప్పి బయటపడదామని వచ్చినవాడు, చెప్పినా బయటపడలేకపోయాడు. ఆ మాటలు వింటూ ఇంకో నిమిషం నిలబడితే మళ్లీ ఊరుకుంటానేమోనని అతనికి భయం వేసింది. అంబాసిడర్ వెనక తలుపు తీసి మోకాళ్ల మీద కూర్చుని, మిగిలిన నేల అంచు మీద ఉలి పెట్టి కొట్టాడు. తారు పెచ్చులుగా లేచింది. దాని కింద పుట్టీ సుద్దలా రాలింది. దాని కింద పసుపు రంగు బయటపడింది. ఒక ముక్క పీకి ఇసుకలో వేశాడు. ఇంకోటి వేశాడు. మూడో దాని మీద వేరుశనక్కాయ బొమ్మ సగం ఉంది. మిగతా సగం నాలుగో ముక్క మీద వచ్చింది.

పోతమ్మ వంగి ఒక ముక్క తీసి, తారు గోటితో గీకి చూసింది. "ఇది నూని డబ్బా కదేటి," అంది మెల్లగా.

"ఈటి మీదేనా అన్నా నాను కాలెట్టింది?" అంది నూకాలు.

గఫూర్ తలూపాడు. తల ఊపడం కన్నా చెయ్యగలిగిందేమీ లేదు. వరహాలు కోప్పడతాడని, చెయ్యి చేసుకున్నా చేసుకుంటాడని అనుకుని వచ్చాడు, దానికి ఒళ్లు సిద్ధం చేసుకున్నాడు కూడా. వరహాలు ఇసుకలో గొంతుక్కూర్చుని ముక్కల్ని ఒకదాని పక్కన ఒకటి పేర్చాడు.

"నా రేకేది?" అన్నాడు.

"ఎర్ర కార్లో ఉంది."

"అందులో ఎంతమంది ఎక్కుతారు?"

"ఇద్దరు బావ."

"ఏటికోసం ఎక్కుతారు? ఎక్కడికెల్తాది?"

"ఎక్కడికీ ఎల్లదు. ఊరేగింపుకే. మిగతా రోజులు గుడ్డ కప్పి ఉంచుతారు."

వరహాలు అంబాసిడర్ వైపు చూశాడు. ఆ బండిలో ఎక్కేవాళ్లందరూ అతని కళ్ల ముందు నడిచినట్టున్నారు, కాసేపటిదాకా చూపు తిప్పలేదు. గఫూర్ కూడా చూశాడు. ఆ నెలంతా చూడని చూపు ఇప్పుడు చూశాడు. వెనక సీటు అంచున పిల్లల చెప్పుల గీతలున్నాయి. పట్టుకుని ఎక్కడానికి ముసలివాళ్ల కోసం తలుపు పక్కన తాడు కట్టి ఉంది. షెడ్డులో ఇన్నాళ్లు పెట్టుకుని ఆ తాడుని తను ఒక్కసారీ చూడలేదు.

"ఆసుపత్రిలో నీ పేరు సెప్పలేదు నాను," అన్నాడు వరహాలు. అంతే అన్నాడు.

"బండి నాకియ్యి బావ. మల్లీ సేత్తాను," అన్నాడు గఫూర్ నేల చూస్తూ.

వరహాలు ముక్కలన్నీ ఒక చోటికి పోగు చేశాడు. పోతమ్మే అంది, "పాడు సేసినోడే బాగు సెయ్యాల. ఇచ్చీరా."

గఫూర్ తొమ్మిది రోజులు ఇంకో పని ముట్టలేదు. గురునాథరావు గారి మనిషి ఏదో చిన్న గీత పడిందని వస్తే తర్వాత రమ్మన్నాడు. కొత్త రేకు కోసం గాజువాక నుంచి అనకాపల్లి దాకా తిరిగి, చివరికి ఓ లారీ బాడీలు కట్టేవాడి దగ్గర దొరికితే తెచ్చాడు. ఒకే ముక్కగా వేశాడు. అంచు పొడుగునా వెంట్రుకంత సందు లేకుండా వెల్డింగు చేశాడు. తారు పుయ్యలేదు, అతుకు కనబడేలా వదిలేశాడు. మదీనా బీకి సంగతంతా చెప్పాడు. ఆమె ఆ రోజు అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చోకుండా లోపలికి వెళ్లిపోయింది.

పదో రోజు పొద్దున్న వరహాలు వచ్చాడు. నేల చూశాడు. వేలితో కొట్టలేదు, బాగుందనీ అనలేదు.

"కొలాయి ఎక్కడుంది బాయ్?" అన్నాడు.

గఫూర్‌కి అర్థమైంది. పడవ బాగు చేయించుకున్న జాలరి దాన్ని ఊరికే నీళ్లలోకి దించడు. ముందు ఒడ్డునే పడవ లోపల నీళ్లు పోస్తాడు, కింద పడుకుని ఎక్కడ చుక్క పడుతుందో చూస్తాడు. వడ్రంగి తమ్ముడైనా సరే, చూడకుండా తీసుకోడు. వరహాలు ఇన్నేళ్లలో ఈ షెడ్డు నుంచి ఎన్నిసార్లు బండి తీసుకెళ్లాడో, ఒక్కసారీ నీళ్లు పొయ్యలేదు.

గఫూరే లోపలికెళ్లి బిందె నింపుకొచ్చాడు. వరహాలు చొక్కా విప్పి కేరేజీకి తగిలించి, వెల్లకిలా పడుకుని, వీపుతో నేల మీద జరుగుతూ బండి కిందికి దూరాడు. గఫూర్ వెనక తలుపు తీసి, వంగి, బిందె ఒంచాడు. నీళ్లు కొత్త రేకు మీద అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి. అతను బిందె పక్కన పెట్టాడు. తన పని తనకి తెలుసు. అయినా అతుకు వెంట నీళ్ల అంచునే చూస్తూ ఉన్నాడు, ఎదురింటి అరుగు మీది వాళ్లందరూ చూస్తున్నారు.

బండి కింద మట్టి మీద ఒక్క చుక్కా పడలేదు, అయినా వరహాలు వీపుతో ఒక మూల నుంచి ఇంకో మూలకి జరిగి చూశాడు.

"ఇంకో బిందె పొయ్యి," అన్నాడు వరహాలు.

గఫూర్ బిందె తీసుకుని మళ్లీ కొళాయి దగ్గరికి వెళ్లాడు.